గిరణ్‌గావ్ పాట: మిల్లు నగరపు సంగీత చరిత్రను ఎక్కడ వెతకాలి?

బొంబాయిలో మొదటి నూలు మిల్లు పెట్టడానికి కావస్‌జీ దావర్ పూనుకున్నది 1854లో. ఆ తర్వాత నూట పాతికేళ్లకు పైగా పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, భాయ్‌ఖళా, వర్లీ, శివ్డీ, నాయ్‌గావ్ పేటల్లో పొద్దు పొడవడం, పొద్దు గుంకడం అన్నీ మిల్లు సైరన్ చెప్పినట్టే నడిచాయి. మరాఠీవాళ్లు ఈ పేటలన్నిటినీ కలిపి గిరణ్‌గావ్ అన్నారు. ఈ మిల్లుల ఊరి సమ్మెల మీద, జీతాల మీద, మిల్లు భూములు చివరికి ఎవరి చేతుల్లోకి పోయాయన్నదాని మీద గట్టి పరిశోధనే జరిగింది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి దొరికేది ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. షాహిర్లనే జానపద గాయకకవుల జీవిత చరిత్రల్లో కొంత, గణేశ్ ఉత్సవాల చరిత్రలో కొంత, తమాషా అనే మరాఠీ జానపద నాటకం మీద వచ్చిన పుస్తకాల్లో కొంత, దళిత సాహిత్య చర్చల్లో కొంత. ఈ ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంతవరకు ఈ చరిత్రను మూడు దారుల్లో చెబుతూ వచ్చారని తెలుస్తుంది. యంత్రాల హోరే పాటగా మారిందనేది ఒకటి. కొందరు మహాగాయకులు పుట్టి ఊరికి గొంతునిచ్చారనేది రెండోది. ఎర్రజెండా పాటను పుట్టించిందనేది మూడోది. మూడింటిలోనూ నిజం పాలు ఉంది. అయినా వీటిలో ఏ ఒక్కటీ ఆ ఊళ్లో ఫలానా మనిషి ఫలానా పాటే ఎందుకు పాడాడో చెప్పలేదు. అది చెప్పగలిగేవి అతను పడుకున్న గది, అతని కులం, అతని షిఫ్టు, అతని చేతికొచ్చిన జీతం. గిరణ్‌గావ్ సంగీత చరిత్ర రాయదలచినవాళ్లు పాటల సేకరణకు ముందు ఈ నాలుగింటి లెక్క తీయాలన్నది ఈ వ్యాసంలో నా వాదం.

యంత్రాల హోరు వాదం పడమటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ దానికి ఆధారాలూ ఉన్నాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పెట్టిన బెరీ గోర్డీ అంతకుముందు లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. గాయకుల్ని తయారుచేసే తీరుకు ఆ అసెంబ్లీ లైనే తనకు నమూనా అని తానే చెప్పుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆ వేళ్లకు తొడుగులు వేసుకుని, తీగల్ని వదులు చేసుకుని వాయించడం అలవాటు చేసుకున్నాడు. అలాంటి కథ వినగానే ఫ్యాక్టరీకీ పాటకూ నేరుగా ముడి పడిపోయినట్టు అనిపిస్తుంది. నిదానంగా చూస్తే గోర్డీ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నది పని విభజన పద్ధతి. అయోమీకి ఫ్యాక్టరీ ఇచ్చింది గాయం. చప్పుడు ఇద్దరికీ ప్రధానం కాలేదు. బొంబాయికి వస్తే ఈ వాదం మరీ పలచబడుతుంది. చేనేత మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పని చేస్తూనే పాడుకోగలడు, పక్కవాళ్లు వినగలరు. వందల మరమగ్గాలు ఒక్కసారి ఆడే షెడ్డులో పక్కవాడి కేకే వినపడదు. కాబట్టి మిల్లు చేసిన మొదటి పని పాటను పనిలోంచి బయటికి గెంటడం. పాట సైరన్ అయ్యాక మొదలైంది. అందుకే వెతకాల్సింది షెడ్డు గేటు బయట.

గేటు బయట మనిషికి ఎంత సమయం మిగిలిందన్నది మొదటి లెక్క. సత్యశోధక్ సమాజ్ నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టి చేసిన ఉద్యమం ఫలితంగా 1890లో ఆదివారం సెలవు వచ్చింది. 1922 ఫ్యాక్టరీ చట్టం వారానికి 60 గంటల పరిమితి పెట్టింది. 1934 చట్టం దాన్ని 54కు, 1946 సవరణ 48కి దించాయి. ఈ అంకెలు కార్మిక చట్టాల చరిత్రలో ఎప్పుడూ కనిపిస్తాయి. సంగీత చరిత్రలో మాత్రం ఎవరూ వీటిని వాడరు. ఆదివారం సెలవు లేకపోతే వారం వారం కలిసే భజన మండలి ఎక్కడిది? తమాషాలో ముందు గణ్, తర్వాత గౌళణ్, ఆపైన లావణి, చివర వగ్ అనే కథాభాగం. ఊళ్లో ఇదంతా రాత్రంతా సాగుతుంది. తెల్లారి మిల్లుకు పోవాల్సినవాడికి అది కుదరదు. టికెట్టు పెట్టి, వేళ కుదించి, పేటలోనే ఒక థియేటర్ కట్టి ఆడితేనే అతను చూడగలడు. లాల్‌బాగ్‌లో హనుమాన్ థియేటర్ లాంటి తమాషా థియేటర్లు నిలదొక్కుకున్నది ఈ అవసరం మీదే. పరేల్‌లో సోషల్ సర్వీస్ లీగ్ 1922లో కట్టించిన దామోదర్ హాలు కార్మికుల నాటకాలకు చిరునామా అయింది. ఒక కళారూపం నిడివి ఎందుకు తగ్గింది, దానిలో ఏ భాగం ముందుకొచ్చింది, ఏది పక్కకు పోయింది అనే ప్రశ్నలకు జవాబు రాగతాళాల్లో వెతికితే దొరకదు. షిఫ్టు వేళల పట్టిక తీసి చూడాలి.

రెండో లెక్క గదిది. 1921–22లో బొంబాయి లేబర్ ఆఫీసు కార్మిక కుటుంబాల ఖర్చుల మీద విచారణ జరిపితే నూటికి తొంభై మందికి పైగా ఒంటిగదిలోనే ఉంటున్నట్టు తేలింది. కుటుంబాన్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. చాల్ అనే కార్మికుల అద్దె గదుల భవనంలో ఒక గదిని పదిమందో పదిహేనుమందో కలిసి అద్దెకు తీసుకుని, షిఫ్టుల వంతున పడుకునేవారు. భోజనం దగ్గర్లోని ఖానావళ్‌లో. ఈ గదుల్లోకి మనుషులు ఎలా పడితే అలా చేరలేదు. ఊరివాడు ఊరివాణ్ణి తెచ్చాడు, పనివాళ్లను కుదిర్చే జాబర్ తన తాలూకా వాళ్లను మిల్లులో పెట్టించాడు. రత్నగిరి గది, సతారా గది, కొల్హాపూర్ గది వేర్వేరుగా ఉండేవి. కార్మికుల రాజకీయాలు మిల్లులో ఎంత రూపుదిద్దుకున్నాయో పేటలో కూడా అంతే రూపుదిద్దుకున్నాయని రాజ్‌నారాయణ్ చందావర్కర్ 1994 నాటి పుస్తకంలో చూపించాడు. ఆ మాట రాజకీయాలకంటే పాటకు ఎక్కువ వర్తిస్తుందని నాకనిపిస్తుంది. కొంకణ్ గదుల్లో నమన్, జాఖడీ, శక్తి-తురా పోటీలు బతికాయి. ఘాట్ మీది జిల్లాల నుంచి వచ్చినవాళ్లు తమాషాకు, పవాడా అనే వీరగాథకు, లేజిమ్‌కు చేరువయ్యారు. ఉత్తరాది నేతగాళ్లైన ముస్లింలు మదన్‌పురాలో తమ పాటలు పాడుకున్నారు. ఒకే మిల్లులో పక్కపక్కన నిలబడి పనిచేసినవాళ్లు సాయంత్రం వేర్వేరు తాళాలకు చప్పట్లు కొట్టారు. భజన మండలి గదికి వాయిద్యాలు చందాతో వచ్చేవి. హార్మోనియం, పఖావజ్, తాళాలు ఉమ్మడి ఆస్తి. ఆ చందా పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటికి మించిన సంగీత చరిత్ర పత్రం మరొకటి ఉండదు. ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, గురువుకు ఎంత ఇచ్చారు, పండక్కి ఊరెళ్లిన నెలలో మండలి మూతపడిందా అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఇక కులం. దీనికి నేతపనిలోని ఒక చిన్న కదలికను దగ్గరగా చూడాలి. మరమగ్గం మీద నాడెలోని కండె అయిపోతే, నేతగాడు మగ్గం ఆపి కొత్త కండె పెట్టి, నాడె పక్కనున్న కంటికి పెదవులు ఆనించి, లోపలున్న దారపు కొసను పీల్చి బయటికి లాగాలి. రోజులో ఎన్నోసార్లు జరిగే పని ఇది. ఒకరు నోరు పెట్టిన నాడెకు ఇంకొకరు నోరు పెట్టాలి. ఈ ఒక్క కారణం చూపించి సవర్ణ కార్మికులు దళితుల్ని నేత విభాగంలోకి రానివ్వలేదు. నేతలో జీతం ఎక్కువ. దళితులు రింగ్ స్పిన్నింగ్ లాంటి తక్కువ జీతపు విభాగాల్లోనే మిగిలారు. 1928 సమ్మెనాడు అంబేడ్కర్ ఈ ప్రశ్నను కార్మిక నాయకుల ముందు సూటిగా పెట్టారు. పాటకూ నాడెకూ సంబంధమేమిటని అడగవచ్చు. తక్కువ జీతం ఉన్నవాడి చాల్ వేరు, చాల్ వేరైతే మండలి వేరు, మండలి వేరైతే పాట వేరు. 1930లలో భీమ్‌రావ్ కర్డక్ లాంటివాళ్లు నడిపిన అంబేడ్కరీ జల్సా, అంటే అంబేడ్కర్ ఉద్యమపు పాటల ప్రదర్శన, ఈ విడి జాగాలోంచి ఎదిగింది. జల్సా వాయిద్యాలు తమాషావే, గొంతులూ చాలావరకు తమాషా నేర్పినవే. తమాషాను తరతరాలుగా మోసినవాళ్లలో మహార్లు, మాంగ్‌లు ముఖ్యులు. ఆ కళలోని అవమానాన్ని వదిలించుకుని, దాని నైపుణ్యాన్ని మాత్రం నిలుపుకోవడానికి వాళ్లు చేసిన కష్టమే జల్సా. ఎర్రజెండా పాటకూ అంబేడ్కరీ నీలిజెండా పాటకూ మధ్య దూరాన్ని నాయకుల విభేదాలతో వివరించడం రాజకీయ చరిత్రకారులకు అలవాటు. ఆ విభేదాలు ఉన్నాయి, కాదనను. అయితే ఆ రెండు పాటలు రెండు వేర్వేరు గదుల్లో సాధన అయ్యాయన్న సంగతి వాటికంటే ముందుది, మొండిది. ఆ దూరం ఎంత కాలం నిలిచిందో ఆనంద్ పట్వర్ధన్ 2011 నాటి డాక్యుమెంటరీ ‘జై భీమ్ కామ్రేడ్’ చూపిస్తుంది. వామపక్ష వేదికల మీద పాడిన విలాస్ ఘోగ్రే, 1997లో బొంబాయి దళితవాడ రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది చనిపోయాక, తలకు నీలి గుడ్డ కట్టుకుని ప్రాణం తీసుకున్నాడు. ఆ మరణాన్ని చదవడానికి నాడె దగ్గర మొదలైన కథ తెలిసి ఉండాలి.

ఇక్కడ మూడో వాదం బలంగా అడ్డొస్తుంది. గదులూ చాల్‌లూ సరే, గిరణ్‌గావ్‌కు తనదంటూ ఒక పాట వచ్చింది ఎర్రజెండా కళాదళమైన లాల్ బావ్టా కళాపథక్ వల్ల కాదా? ఉద్యమం లేకపోతే అన్నాభావు సాఠే ఎక్కడ, అమర్ షేక్ ఎక్కడ? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1943 మే 25న బొంబాయిలోనే వామపక్ష నాటక సంఘం ఇప్టా ఏర్పడింది. మరుసటి ఏడు సాఠే, అమర్ షేక్, గవాణ్‌కర్ కలిసి కళాపథక్‌ను నిలబెట్టారు. సాంగ్లీ ప్రాంతపు వాటేగావ్‌లో 1920లో మాంగ్ కుటుంబంలో పుట్టి, బడి మొహం పెద్దగా చూడకుండానే బొంబాయి చేరి మిల్లులో పనిచేసిన మనిషి అన్నాభావు. బార్షీలో మెహబూబ్ హుసేన్‌గా పుట్టిన మనిషి అమర్ షేక్. వాళ్ల గొంతులు సంయుక్త మహారాష్ట్ర ఉద్యమాన్ని ఊరూరా మోశాయి. 1960 మే 1న రాష్ట్రం ఏర్పడిన కథలో ఆ పాటలకు న్యాయంగా రావాల్సిన వాటా ఉంది. అయితే సాఠే ఏం చేశారో చూడండి. తమాషా మొదట్లో గణపతిని కొలిచే గణ్ ఉన్నచోట నేలను, శ్రమను, వీరులను కొలిచే గణ్ పెట్టారు. మిగతా చట్రాన్ని, డోల్కీని, తుణ్‌తుణేను, సవాలు-జవాబుల చమత్కారాన్ని ఉంచుకున్నారు. గణ్ మారిందని జనం పసిగట్టాలంటే పాత గణ్ వాళ్లకు అప్పటికే నోటికి వచ్చి ఉండాలి. ఆ తయారైన చెవుల్ని పార్టీ పుట్టించలేదు, ముప్ఫై నలభై ఏళ్లుగా చాల్‌లూ తమాషా థియేటర్లూ సాన పట్టాయి. మన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతిలోకి తీసుకున్నప్పుడు జరిగిందీ ఇదే. నాజర్ గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే, ఆ కథను వినడం జనానికి అంతకుముందే వచ్చునని గుర్తుపెట్టుకోవాలి. ఉద్యమం పాటకు దిక్కు చూపించింది, పెద్ద వేదిక ఇచ్చింది, పదును పెట్టింది. పాడే మనిషిని, వినే మనిషిని ఇచ్చింది మాత్రం పేటే.

ఈ చరిత్రలో ఇంతవరకు దాదాపు పూర్తిగా ఖాళీగా ఉన్న పేజీ ఆడవాళ్లది. 1921 నాటికి బొంబాయిలో మగవాళ్లకు ఆడవాళ్లు సుమారు సగమే. మిల్లుల్లో కండెలు చుట్టే విభాగాల్లో ఆడవాళ్లు పనిచేశారు, ఖానావళ్లు నడిపారు, తమాషాలో ఆడారు. అయినా షాహిర్ల చరిత్రలో వాళ్లు ప్రేక్షకులుగా కూడా అరుదు. పాట కోసం బొంబాయిలోనే వెతకడం దీనికి ఒక కారణం. మిల్లు కార్మికుడి భార్య చాలావరకు ఊళ్లోనే ఉంది. తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చుని పాడే ఓవీల్లో మగడు పోయిన బొంబాయి ఉంది. గీ పోయత్వాఁ, హేమా రాయిర్కర్ దశాబ్దాల పాటు మహారాష్ట్ర పల్లెల్లో తిరిగి లక్షకు పైగా తిరగలి పాటలు సేకరించారు. ఆ భాండాగారం ఇప్పుడు పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంది. గ్రామీణ స్త్రీల సాహిత్యంగా దాన్ని చదువుతున్నారు, మంచిదే. పారిశ్రామిక నగరపు సంగీత చరిత్రకు ఆధారంగా కూడా దాన్ని చదవాలి. అన్నాభావు సాఠే పాటల్లో అన్నిటికంటే జనంలోకి వెళ్లినది ఊళ్లో మిగిలిపోయిన మైనా గురించి బొంబాయిలో ఉన్న మగవాడు పాడేది. దానికి జోడీ తిరగలి ముందు ఉంది. ఒకటి సభలో వేలమంది మధ్య మోగింది, ఒకటి చీకట్లో రాతి చప్పుడు మధ్య మోగింది. రెండింటినీ పుట్టించింది ఒంటరి మగవాణ్ణి మాత్రమే పోషించగలిగిన ఒకే జీతం. నగరంలో పిండిమర వచ్చి తిరగలిని మింగేసింది కాబట్టి, చాల్‌లోకి కాపురానికి వచ్చిన ఆడవాళ్ల ఓవీలకు పని ఆనవాలు పోయింది. అవి జోలపాటల్లోకీ, పండగపాటల్లోకీ, భజనల్లోకీ ఎలా ఒదిగాయో చూపించే పరిశోధన రావాలి.

ఆధారాల సంగతి కాస్త నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. డెట్రాయిట్ చరిత్ర రాసేవాళ్లకు రికార్డు కంపెనీల కేటలాగులు ఉన్నాయి. పాట తేదీ, వాయించినవాడి పేరు, స్టూడియో గంటలు అన్నీ కాగితం మీద దొరుకుతాయి. బొంబాయిలో గ్రామఫోన్ కంపెనీలకు కొదవ లేకపోయినా, మూడు నిమిషాల ప్లేటు మీద పట్టే పాటే ప్లేటెక్కింది. లావణి ఎక్కింది, పవాడా ముక్కలై ఎక్కింది, వగ్ ఎక్కనే లేదు. ప్లేటు చరిత్రనే పాట చరిత్ర అనుకుంటే గిరణ్‌గావ్ అంతా లావణిమయం అనిపిస్తుంది. పోలీసు రికార్డులది దీనికి సరిగ్గా ఎదురు తప్పు. సభల్లో ఏం పాడారో, ఏం మాట్లాడారో రాసుకున్నవాడికి కావలసింది రాజద్రోహం. అతని కాగితాల్లో సమ్మె పాట ఉంటుంది, పక్క గదిలో తెల్లవార్లూ సాగిన తుకారాం అభంగం ఉండదు. గణేశ్ ఉత్సవాల్లో పాడే మేళాల మీదా, 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం కింద నాటకాల మీదా పెట్టిన నిఘా కాగితాలూ ఈ కోవలోవే. 1980ల కేసెట్లు ఈ కొరత కొంత తీర్చాయి. చవగ్గా తయారై చవగ్గా అమ్ముడైన భీమ్‌గీతాలు ప్రహ్లాద్ శిందే, విఠ్ఠల్ ఉమప్ లాంటి గొంతులతో ఇల్లిల్లూ చేరాయి. ప్లేటు పట్టించుకోని జనం కేసెట్టు మీదికి ఎక్కారు. కానీ కేసెట్టు మీద తేదీ వేసే అలవాటు తక్కువ, రాసినవాడి పేరు తప్పిపోవడం ఎక్కువ. ఇక మౌఖిక చరిత్ర. నీరా ఆడార్కర్, మీనా మీనన్ 2004లో తెచ్చిన పుస్తకం లేకపోతే ఈ వ్యాసంలోని చాలా ప్రశ్నలు అడగడానికే వీలయ్యేది కాదు. అయితే ఆ జ్ఞాపకాలు 1982 తర్వాతివి. పొయ్యి ఆరిన ఇంట్లో కూర్చుని చెప్పిన మాటల్లో పాత రోజుల పాట ఎప్పుడూ ఒక్కటిగా, అందరిదిగా వినిపిస్తుంది. కులం గీతలు, గదుల మధ్య పోటీలు, తాలూకాల తగవులు ఆ జ్ఞాపకంలో మసకబారతాయి. అందుకే జ్ఞాపకాన్ని అద్దె రసీదుతో, హాలు బుకింగు పుస్తకంతో, లైసెన్సు కాగితంతో పోల్చి చూసుకోవాలి. ఏ ఒక్క ఆధారాన్నీ ఒంటరిగా నమ్మి ఈ చరిత్ర రాయలేం.

ఇంకో రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది: ఇదంతా పల్లె సంగీతమే కదా, రైలెక్కి బొంబాయి వచ్చింది, మిల్లు పోగానే మళ్లీ ఊరికి పోయింది, దీన్ని పారిశ్రామిక నగరపు సంగీతం అని ఎలా అంటాం? శక్తి-తురా పల్లెదే. కానీ పల్లెలో అది ఒక ఊరి రెండు జట్ల పోటీ. దామోదర్ హాల్లో అది టికెట్టు కొన్న వందల మంది ముందు, వేర్వేరు తాలూకాల నుంచి వచ్చిన బృందాల మధ్య పోటీ. గెలిచిన బృందం పేరు పండగ సెలవుల్లో ఊరికి పోయేది, అక్కడ దానికి బొంబాయి విలువ కట్టేవారు. పల్లె తన కళను పట్నం కళ్లతో చూసుకోవడం మొదలుపెట్టింది. ఏటేటా గణపతికీ, శిమ్‌గా అనే హోలీకీ, జాతరకూ ఊరెళ్లి వచ్చే కార్మికుడు రెండు చోట్లా పాటను మార్చాడు. కాబట్టి గిరణ్‌గావ్ సంగీతానికి సరిహద్దు మహిం క్రీక్ దగ్గర గీయకూడదు. రత్నగిరి, సతారా, ఆజమ్‌గఢ్, కరీంనగర్ కూడా ఆ పటంలో ఉండాలి. రెండో అభ్యంతరం కొంచెం లోతైనది: జీతం, గది, షిఫ్టు అంటూ కళను లెక్కల పుస్తకంగా మార్చేస్తే ప్రతిభ ఎక్కడ పోయింది? ఒకే చాల్‌లో ఒకే జీతం మీద వందలమంది బతికారు, అందులో ఒక్కరే అన్నాభావు అయ్యారు. ఇది నిజం, దీన్ని ఏ పట్టికా తేల్చలేదు. కానీ ప్రతిభను గౌరవించాలంటే అది దేన్ని దాటిందో తెలియాలి. గది ఇరుకు తెలియని చరిత్రకారుడు ఆ గొంతు విస్తారాన్ని పొగడగలడు గాని కొలవలేడు. పైగా ఆ వందలమంది కూడా వట్టి నేపథ్యం కాదు. తాళం వేసినవాడు, డోల్కీ మోసినవాడు, తన షిఫ్టును మార్చుకుని గాయకుణ్ణి సభకు పంపినవాడు సంగీత చరిత్రలో పాత్రధారులే. వాళ్లను వదిలేసిన చరిత్ర అసంపూర్ణమనడం చాలదు, అది తప్పు చరిత్ర అని నా నమ్మకం.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె అధికారికంగా ముగియనే లేదంటారు. మిల్లులు ఒకటొకటిగా మూతపడి, ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లు ఆఫీసులూ రెస్టారెంట్లూ అయింది. సంగీతానికి తగిలిన దెబ్బను గాయకుల మరణాలతో లెక్కిస్తున్నారు. అన్నాభావు, అమర్ షేక్ ఇద్దరూ 1969లోనే పోయారు, అప్పటికి మిల్లులు నడుస్తూనే ఉన్నాయి, పాట ఆగలేదు. పాటను ఆపింది చందా ఆగిపోవడం. గది చెదిరిపోయాక మండలి పెట్టె ఎవరి దగ్గర ఉండాలి? ఖానావళ్ మూతపడ్డాక సాధన తర్వాత తినేదెక్కడ? అదే సమయంలో గణేశ్ మండపాలు పెద్దవయ్యాయి. 1934లో మొదలైన లాల్‌బాగ్ చా రాజా ఇప్పుడు దేశమంతా తెలిసిన పేరు. ఆ ఊరేగింపుల్లో బ్యాంజో బృందాలు, ఢోల్-తాశా దళాలు మోగుతున్నాయి. దీన్ని పాత సంగీతం పతనంగా రాసేయడం సులువు. ఆ బృందాల్లో ఉన్నది మిల్లు కార్మికుల కొడుకులూ మనవళ్లూ, పెళ్లికి ఇంతని, ఊరేగింపుకు ఇంతని మాట్లాడుకుని వాయించేవాళ్లు. మిల్లు జీతం పోయాక వాయిద్యమే జీతమైన తరం అది. సంగీతం తీరిక వేళ పని నుంచి కూలి పనిగా మారిన ఈ మలుపు గిరణ్‌గావ్ చరిత్రలో తప్పకుండా ఒక అధ్యాయం.

తెలుగువాళ్ల సంగతి చివరికి వచ్చినా, అది ఈ చరిత్రలో చివరిది కాదు. బొంబాయిని కట్టిన కూలీల్లో కామాఠీలు ముందు వరుసలో ఉన్నారు, కామాఠీపురా పేరు వాళ్లదే. ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలోజీ కాళేవార్ తెలుగు మూలాలున్న కాంట్రాక్టర్లు. తర్వాత కార్మిక సంఘానికీ, జల్సాకూ దారి తీసిన వలయంలో మనవాళ్లు మొదటి నుంచీ ఉన్నారన్నమాట. ఆపైన కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీలు మిల్లుల నేత విభాగాల్లోకి వచ్చారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ జిల్లా తన బతుకుతెరువును మూడు మాటల్లో చెప్పుకుంది. దుబాయి మీద పాటలు కట్టారు, బొగ్గుబాయి మీద సింగరేణి కళాకారులు కట్టారు. నడిమి బొంబాయి గదుల్లో తెలుగులో ఏం పాడుకున్నారన్నది మరాఠీ పుస్తకాల్లో లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ పటం పరిచి చెప్పే హక్కు కూనపులివారిది. పోషించే కులం మిల్లుకు వలసపోయినప్పుడు ఆశ్రిత కులానికి రావలసిన కట్నం ఏ ఊరి నుంచి వచ్చింది, కథ చెప్పేవాడు రైలెక్కాడా, లేక నేతగాడే పండక్కి ఊరొచ్చి చెప్పించుకున్నాడా అన్న ప్రశ్న సంగీత చరిత్రలో చిన్నదేమీ కాదు. దీనికి జవాబు సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు తిరిగొచ్చి సాంచాలు (మరమగ్గాలు) నడిపినవాళ్ల దగ్గరా, వాళ్ల కుల సంఘాల పద్దుల్లోనూ వెతకాలి. 1982లో ఇరవై ఏళ్లున్న మిల్లు కార్మికుడికి ఇప్పుడు అరవై దాటాయి. మన విశ్వవిద్యాలయాల జానపద శాఖలు ఈ పనికి మరాఠీ వచ్చినవాళ్లను జత చేసుకుని వెంటనే బయల్దేరాలి. వెళ్లినవాళ్లు మైకు పెట్టి పాట పాడమనే ముందు, ఆ గదిలో ఎందరుండేవారో, అద్దె ఎవరి పేరున ఉండేదో, రాత్రి షిఫ్టు వారంలో మండలికి ఎవరొచ్చేవారో, కథ చెప్పినవాడికి ఎంత ఇచ్చారో అడగాలి.